పాత బీఎండబ్ల్యూ ఎం3 సెడాన్ కొనేముందు: ఏం చూడాలి, ఎంత పక్కన పెట్టుకోవాలి

"అన్నా, ఎం3 ఒకటి దొరికింది. నాలుగు డోర్లు, లక్ష మైళ్లు కూడా తిరగలేదు, ముప్పై వేల డాలర్లు చెప్తున్నాడు. తీసుకోనా?" డాలస్ చుట్టుపక్కల ఉండే మన కుర్రాళ్ల నుంచి నాకు తరచూ వచ్చే ఫోన్ ఇది. నేను తిరిగి అడిగేది ఒక్కటే: ముప్పై ఇచ్చేశాక ఇంకో పది వేలు నీ దగ్గర మిగులుతాయా? మిగలవంటే, అదే డబ్బుతో కొత్త క్యామ్రీ తీసుకోమంటాను. వెటకారంగా కాదు, నిజంగానే. పది వేలు ఎందుకో, అవి ఎక్కడెక్కడ ఖర్చవుతాయో, చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం గమనించాలో ఒకచోట రాసి పెడుతున్నాను.

నేను చెప్పేది ఈ90 ఎం3 గురించి, అంటే 2008 నుంచి 2011 మోడల్ దాకా అమెరికాలో అమ్మిన నాలుగు తలుపుల బీఎండబ్ల్యూ. ఇంజన్ పేరు ఎస్65. నాలుగు లీటర్ల వీ8, టర్బో లేదు, 414 హార్స్‌పవర్, 8,400 ఆర్‌పీఎం దాకా లాగుతుంది. దీని తర్వాత వచ్చిన ఎం3లన్నీ ఆరు సిలిండర్ల టర్బో బళ్లే. అందుకే దీనికి ఇంకా ఇంత మోజు. పైగా వెనక రెండు తలుపులు, చైల్డ్ సీట్ పట్టే చోటు ఉన్నాయి కాబట్టి ఇంట్లో ఒప్పించడం తేలిక. కానీ కొత్తప్పుడు ఆప్షన్లతో కలిపి అరవై వేలు దాటిన బండి ఇది. బండి ధర సగానికి పడిపోయింది, స్పేర్ పార్టుల ధర మాత్రం పెరుగుతూనే ఉంది. ఏనుగును కొనడం కాదు, మేపడం కష్టం అంటారే, అదీ సంగతి.

కింద చెప్పే ఖర్చులన్నీ ఇక్కడి ఇండిపెండెంట్ షాపుల లెక్క, గంటకి 150 నుంచి 200 డాలర్ల లేబర్ మీద. డీలర్ దగ్గరికి వెళ్తే ఇంకా పైనే ఉంటుంది.

ఫోన్‌లోనే తేల్చుకోవాల్సినవి

బండి చూడకముందే మూడు ప్రశ్నలు వెయ్యండి. రాడ్ బేరింగులు మార్చారా? థ్రాటిల్ యాక్చుయేటర్లు మార్చారా? (ఈ రెండూ ఏంటో కింద వివరంగా చెప్తాను.) 1,200 మైళ్ల దగ్గర చేయించాల్సిన మొదటి సర్వీసు రికార్డు ఉందా? చివరిది చిన్న విషయంలా ఉంటుంది గానీ, కొత్త బండిని ఎలా చూసుకున్నారో దాన్నిబట్టే తెలుస్తుంది. ఎం బళ్లకి ఆ మైలేజీ దగ్గర ఇంజన్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ మార్చడం తప్పనిసరి.

"బేరింగులా? అదంతా ఇంటర్నెట్‌లో జనం భయపెట్టడమే" అన్నవాడితో వాదించకండి. మార్చలేదని అర్థం, అంతే. మీ లెక్కలో మూడు వేలు రాసుకుని ముందుకెళ్లండి. మార్పించానన్నవాణ్ని రసీదు, ఫొటోలు పంపమనండి. నిజంగా మార్పించినవాడి దగ్గర తీసేసిన పాత బేరింగుల ఫొటోలు ఉండి తీరతాయి. మూడు వేలు ఖర్చుపెట్టినవాడు దాన్ని నలుగురికీ చూపించకుండా ఉండలేడు.

ఇంకో మాట కూడా చెప్పండి: "నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి."

చల్లటి ఇంజన్ దగ్గర

వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే తిప్పి ఉంచారన్నమాట. ఎందుకు తిప్పారో అడగండి. చల్లగా ఉంటే స్టార్ట్ చేయించి, అమ్మేవాడి కబుర్లు పక్కనపెట్టి ఇంజన్ మాట వినండి. కాసేపు ఎక్కువ ఆర్‌పీఎంలో గట్టిగా శబ్దం చేసి తర్వాత దిగుతుంది. ఇంజెక్టర్ల టకటక మామూలే, ఈ ఇంజన్ నిశ్శబ్దంగా ఉండే రకం కాదు. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు, మీటర్ ముల్లు పైకీ కిందికీ ఊగుతున్నా, ఆగిపోబోయి మళ్లీ అందుకుంటున్నా ఐడిల్ కంట్రోల్ వాల్వ్ గానీ, ఎక్కడో గాలి లీకు గానీ ఉంటుంది.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీల డీజిల్ పంపులు బాగుచేసేవారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసను ఇంజన్ బ్లాకుకి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి పెట్టుకుని వినేవారు. నాకూ అదే అలవాటు. పైన టకటక వేరు, అడుగున ఆయిల్ పాన్ దగ్గర వినిపించే బరువైన 'ధబ్ ధబ్' వేరు. రెండోది వినిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. ఈ ఇంజన్‌లో బిగ్ ఎండ్ (రాడ్ బేరింగులుండే చోటు) శబ్దం చెవికి వినపడిందంటే పని అయిపోయినట్టే. వినపడలేదు కాబట్టి బాగుందని మాత్రం అనుకోకండి.

ఆర్‌పీఎం మీటర్ అంచున నారింజ రంగు లైట్లు వెలుగుతుంటాయి. ఆయిల్ వేడెక్కే కొద్దీ అవి ఒక్కొక్కటే ఆరుతూ, ఎర్ర గీత పైకి జరుగుతుంది. అన్నీ ఆరేదాకా ఇంజన్‌ని గట్టిగా తొక్కకూడదు. ఆ లైట్లు ఉండగానే అమ్మేవాడు "సౌండ్ చూడండి ఎలా ఉందో" అని యాక్సిలరేటర్ తొక్కి చూపించాడంటే, నమస్కారం పెట్టి వచ్చేయండి. మీ ముందే అలా తొక్కినవాడు ఒంటరిగా ఉన్నప్పుడు ఇంకెలా నడిపి ఉంటాడు?

రాడ్ బేరింగులు

ఈ బండి గురించి జనం భయపడేది ముఖ్యంగా దీనికే. ఆ భయంలో సగం నిజం ఉంది.

పిస్టన్ నుంచి వచ్చే కనెక్టింగ్ రాడ్, క్రాంక్ షాఫ్ట్‌ని పట్టుకునే చోట రెండు సగం ముక్కల బేరింగ్ ఉంటుంది. ఎనిమిది రాడ్లు, పదహారు ముక్కలు. ఈ ముక్కకీ క్రాంక్‌కీ మధ్య సందులో ఆయిల్ పొర నిలవాలి. ఎస్65లో ఆ సందు బాగా బిగువు. వెయ్యమన్న ఆయిలేమో 10డబ్ల్యూ-60, చల్లగా ఉన్నప్పుడు చాలా చిక్కన. అలాంటప్పుడు ఇంజన్‌ని పైకి లాగితే పొర సరిగ్గా నిలవక లోహం లోహాన్ని రాస్తుంది. అసలు కారణం మీద వాదనలు ఇప్పటికీ నడుస్తున్నాయి గానీ, ఎక్కువ మంది మెకానిక్‌లు ఒప్పుకునేది ఇదే. కంపెనీ దీనికి రీకాల్ ఇవ్వలేదు. ముప్పై నలభై వేల మైళ్లకే పోయినవి ఉన్నాయి, లక్షన్నర దాటి హాయిగా తిరుగుతున్నవీ ఉన్నాయి. మైలేజీని బట్టి చెప్పలేం.

పోతే ఏమవుతుంది? మన ఊళ్లో ఇంజన్ బోరుకొచ్చిందంటే బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు వేసి మళ్లీ రోడ్డెక్కిస్తారు. ఇది అంత తేలిగ్గా లొంగదు. బ్లాకు సిలికాన్ కలిసిన అల్యూమినియంతో పోసింది, లోపల ఇనుప స్లీవులు ఉండవు. రాడ్ విరిగి బ్లాకులోంచి బయటికొచ్చిందా, బాగుచేయడానికి ఏమీ మిగలదు. వేరే ఇంజన్ తెచ్చి బిగించడానికి 15 నుంచి 25 వేల డాలర్లు. అంటే బండి ధరలో సగమో, అంతకంటే ఎక్కువో.

అదే పోకముందే బేరింగులు మార్పిస్తే 2,500 నుంచి 3,500 డాలర్లు. అందుకే దీన్ని రిపేరుగా కాకుండా టైమింగ్ బెల్టు మార్చినట్టు ఒక సర్వీసుగా చూడండి. ఇంజన్ దింపక్కర్లేదు. పైనుంచి దాన్ని పట్టి ఉంచి, ముందు సబ్‌ఫ్రేమ్ (ఇంజన్ కింద ఉండే ఇనుప చట్రం) కిందికి దించి, ఆయిల్ పాన్ విప్పితే చెయ్యి పడుతుంది. పది, పదిహేను గంటల పని. రాడ్ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయి కాబట్టి పాతవే మళ్లీ వాడకూడదు. కొటేషన్‌లో కొత్త బోల్టులు ఉన్నాయో లేదో చూడండి. సబ్‌ఫ్రేమ్ ఎలాగూ దిగుతుంది కాబట్టి ఇంజన్ మౌంట్లు కూడా అప్పుడే మార్పించేయండి, పార్టు ఖర్చుతో పోతుంది.

పని జరిగేటప్పుడు వీలైతే షాపుకి వెళ్లి చూడండి. మంచి మెకానిక్ అయితే తీసిన ముక్కలన్నీ సిలిండర్ నంబర్ల వారీగా ఒక అట్ట మీద వరసగా పేరుస్తాడు. కొన్ని బూడిద రంగు పూత చెక్కుచెదరకుండా ఉంటాయి. కొన్నింటి మధ్యలో పూత పోయి, రాగి పొర నాణెమంత మేర మెరుస్తూ ఉంటుంది. ఒకే ఇంజన్‌లో రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి. మీరు మార్పించింది సరైన సమయంలోనా, కాస్త తొందరపడ్డారా అన్నది ఆ అట్ట చూస్తే తెలిసిపోతుంది. తొందరపడ్డా బాధలేదు.

ఆయిల్ టెస్టు గురించి కూడా చెప్పాలి. వాడిన ఆయిల్ కొంచెం సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపితే, అందులో ఏ లోహం ఎంత ఉందో లెక్క వస్తుంది. ఇండియానాలోని బ్లాక్‌స్టోన్ ల్యాబ్‌కి చాలామంది పంపుతారు, ఖర్చు నలభై డాలర్ల చుట్టూ ఉంటుంది. సుమారు 2010 వరకు తయారైన ఇంజన్లలో బేరింగులు సీసం, రాగి కలిసినవి. అరిగితే రిపోర్టులో ఆ రెండూ పెరుగుతాయి. ఆ తర్వాత వచ్చిన బేరింగుల్లో సీసం తీసేశారు కాబట్టి 2011 బండికి రిపోర్టులో సీసం లేదని సంబరపడితే అర్థం లేదు. రిపోర్టు చెడుగా వస్తే నమ్మండి, బాగుందంటే సగమే నమ్మండి. ఇంకో పద్ధతి, ఆయిల్ ఫిల్టర్ మడతలు విప్పి ఎండలో పెట్టి చూడటం. జరీ పొడిలా మెరుస్తుంటే ప్రమాదమే. అయస్కాంతం పెట్టి ఏమీ అంటలేదని వదిలేయకండి. రాగి, సీసం అయస్కాంతానికి అంటవు.

థ్రాటిల్ యాక్చుయేటర్లు

బేరింగులు పోవచ్చు, పోకపోవచ్చు. యాక్చుయేటర్లు మాత్రం పోతాయి, ఎప్పుడన్నదే ప్రశ్న. ఈ ఇంజన్‌కి సిలిండర్‌కి ఒకటి చొప్పున ఎనిమిది థ్రాటిల్ బాడీలు (ఇంజన్‌లోకి గాలిని వదిలే తలుపులు). ఒక్కో వైపు నాలుగింటిని తిప్పడానికి ఒక చిన్న మోటారు, అంటే రెండు మోటార్లు, ఇంజన్ పైభాగాన ప్లీనం (గాలి చేరే పెట్టె) కింద, వేడి మధ్యలో కూర్చుని ఉంటాయి. లోపల ప్లాస్టిక్ గేర్లు అరుగుతాయి, సర్క్యూట్ బోర్డు చెడుతుంది.

లక్షణం ఎలా ఉంటుందంటే, ఫ్రీవే మీద వెళ్తుండగా ఉన్నట్టుండి డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ పవర్ తగ్గించామని హెచ్చరిక వస్తుంది. ఎంత తొక్కినా బండి కదలనంటుంది. పక్కకి ఆపి, ఆర్పి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు నడుస్తుంది. కొన్నాళ్లకి మళ్లీ అదే. అమ్మేవాళ్లు సరిగ్గా ఈ మధ్య సమయంలోనే అమ్ముతారు. కోడ్ రీడర్ పెట్టి పాత ఫాల్ట్ కోడ్లు చూడాల్సింది ఇందుకే.

డీలర్ నుంచి కొత్తవి రెండూ తెచ్చి లేబర్‌తో కలిపితే 2,500 డాలర్ల చుట్టూ అవుతుంది. విప్పి గేర్లు, బోర్డు మార్చి ఇచ్చే రీబిల్డ్ వాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గరైతే 1,000 నుంచి 1,500 లోపు ముగుస్తుంది. నా ఓటు రీబిల్డ్‌కే, వారంటీ కాగితం ఇస్తేనే సుమా. ఒకటి పోయినప్పుడు రెండూ మార్చండి. చేతిపని తెలిసినవాళ్లు ఇంట్లోనే శనివారం పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ముగించగల పని ఇది. బేరింగుల జోలికి మాత్రం ఇంట్లో వెళ్లొద్దు.

మిగతావి

లీకులు: వాల్వ్ కవర్ గాస్కెట్లు గట్టిపడి ఆయిల్ కారడం ఈ వయసు బళ్లలో సర్వసాధారణం. వేడి ఎగ్జాస్ట్ మీద పడి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కమురు వాసన లోపలికి వస్తుంది. 1,000 నుంచి 1,500. కూలెంట్ ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ ప్లాస్టిక్‌ది, టెక్సస్ ఎండలకి అతుకు దగ్గర పగులుతుంది. రెండు మూడు వందలతో పోయేదాన్ని నిర్లక్ష్యం చేస్తే ఇంజన్ వేడెక్కి అసలుకే మోసం. పవర్ స్టీరింగ్ హోస్‌ల దగ్గర చెమ్మ కూడా చూడండి.

ఆయిల్ చూసుకోవడానికి డిప్‌స్టిక్ ఉండదు, సెన్సార్ కొలిచి స్క్రీన్ మీద చూపిస్తుంది. ఇంజన్ వేడెక్కాకే సరైన రీడింగ్ వస్తుంది. ఒకసారి మార్చడానికి దాదాపు తొమ్మిది లీటర్లు కావాలి. షాపులో 250 నుంచి 300 డాలర్లు. కంపెనీ 15,000 మైళ్ల దాకా ఆగొచ్చంది గానీ, ఈ ఇంజన్‌ని ప్రేమించేవాళ్లెవరూ అంతదాకా ఆగరు. ఐదు నుంచి ఏడు వేల మైళ్ల మధ్య మార్చేస్తారు. పాత రసీదుల్లో ఆయిల్ మార్పుల మధ్య దూరం ఎంతుందో చూడండి. ప్రతిసారీ 15,000 ఉంటే ధర తగ్గించమని అడగడానికి అదొక్కటే చాలు. మధ్యలో అరలీటరో లీటరో తాగుతుంది, అది జబ్బు కాదు.

గేర్‌బాక్స్: ఆరు గేర్ల మాన్యువల్, ఏడు గేర్ల డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) రెండూ గట్టివే. మాన్యువల్‌కి మార్కెట్లో ధర ఎక్కువ. నాకైతే డీసీటీ ఉన్న పాత బండి మీదే నమ్మకం ఎక్కువ, ఎందుకంటే మాన్యువల్‌లో నాలుగో గేరుకి బదులు పొరపాటున రెండో గేరు పడితే ఇంజన్ హద్దు దాటి తిరుగుతుంది. డీసీటీ అలాంటి గేరు వెయ్యనివ్వదు. డీసీటీ బండిని పార్కింగ్ లాట్‌లో మెల్లగా ముందుకీ వెనక్కీ నడిపి చూడండి. కుదుపులు, రివర్స్ పడటంలో ఆలస్యం, పాన్ చుట్టూ ఆయిల్ మరక ఉన్నాయేమో గమనించండి. ఫ్లూయిడ్, ఫిల్టర్ మార్పుకి 700 నుంచి 1,000. మాన్యువల్ క్లచ్ అయితే రెండు వేల చుట్టూ.

బ్రేకులు, టైర్లు: ముందు డిస్కులే 360 మిల్లీమీటర్లవి, రెండు ముక్కల రకం, మామూలు 3 సిరీస్‌వి సరిపోవు. నాలుగు వైపులా కంపెనీ డిస్కులు, ప్యాడ్లు కలిపి రెండు వేలు దాటుతుంది. టైర్లు ముందు ఒక సైజు, వెనక ఒక సైజు, కాబట్టి ముందువీ వెనకవీ మార్చుకుంటూ అరగదీసే వీలు లేదు. మంచి రకం నాలుగూ 1,000 నుంచి 1,400. నాలుగు టైర్లూ నాలుగు కంపెనీలవి కనిపిస్తే, ఆ యజమాని కనపడని చోట్ల ఎంత ఆదా చేసి ఉంటాడో ఊహించుకోండి.

డ్యాష్‌బోర్డు మీద ఈడీసీ బటన్ ఉంటే షాకులు ఎలక్ట్రానిక్. నాలుగూ మార్చాల్సి వస్తే నాలుగు వేల పైమాటే. గతుకుల రోడ్డు మీద ఒకసారి తప్పకుండా నడపండి. 2008 బళ్లలో పాత ఐడ్రైవ్ (మధ్యలో ఉండే స్క్రీన్ సిస్టమ్), 2009 మోడల్ నుంచి మెరుగైనది. వీలైతే 2009 తర్వాతిదే వెతకండి. టకాటా ఎయిర్‌బ్యాగ్ రీకాల్‌లో ఈ తరం 3 సిరీస్ బళ్లు ఉన్నాయి. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో విన్ నంబర్, అంటే బండి గుర్తింపు నంబర్, కొడితే పని పూర్తయిందో లేదో తెలుస్తుంది. పూర్తికాకపోతే డీలర్ ఉచితంగా చేస్తాడు. ఇది ప్రాణాల సంగతి, తర్వాత చూద్దాంలే అనకండి.

బేరం, కాగితాలు

ఇవన్నీ మీరు చూసుకున్నా సరే, బీఎండబ్ల్యూలే చేసే షాపులో 250 నుంచి 400 డాలర్లిచ్చి ప్రీ-పర్చేజ్ ఇన్‌స్పెక్షన్ చేయించండి. షాపు మీరు ఎంచుకున్నది కావాలి, అమ్మేవాడి స్నేహితుడిది కాదు. లిఫ్ట్ మీదికి ఎక్కించాక కింద ఫొటోలు తీయించుకోండి. అక్కడే రీడినెస్ మానిటర్లు (బండి కంప్యూటర్ తనను తాను చేసుకునే పరీక్షలు) కూడా చూడమనండి. అవి పూర్తికాలేదని వస్తే ఈ మధ్యే ఎవరో కోడ్లు చెరిపేశారన్నమాట. టెక్సస్‌లో 2025 నుంచి మామూలు బళ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు గానీ డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీల్లో ఎమిషన్ టెస్టు అలాగే ఉంది. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే, క్యాటలిటిక్ కన్వర్టర్లు పీకేసి ఉంటే రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతారు.

ఇక లెక్క. బేరింగులు మూడు వేలు, యాక్చుయేటర్లు పదిహేను వందలు, ఆయిళ్లన్నీ, ఎనిమిది స్పార్క్ ప్లగ్గులు కలిపి పన్నెండు వందలు, గాస్కెట్లు పన్నెండు వందలు, టైర్లు పన్నెండు వందలు, బ్రేకులు రెండు వేలు. పది వేలకి చేరింది చూశారా? వీటిలో రసీదు ఉన్నవి కొట్టేయండి. మిగిలిన మొత్తాన్ని కాగితం మీద రాసి అమ్మేవాడి ముందు పెట్టండి. ఊరికే "తగ్గించండి సార్" అంటే వెయ్యి తగ్గిస్తాడు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు చూపిస్తే మూడు వేలు తగ్గే వీలుంది. అన్ని రసీదులూ ఉన్న బండికి ఎదుటివాడు నాలుగు వేలు ఎక్కువ చెప్పినా దాన్నే కొంటాను నేను.

కొన్నాక ముందు ఎయిర్‌బ్యాగ్ పని ఉచితంగా చేయించుకోండి. మొదటి ఖర్చు బేరింగులకి, తర్వాత కూలెంట్, టైర్లు. మోగే ఎగ్జాస్ట్, నల్ల రంగు చక్రాలు ఆ తర్వాత. కొందరు "ఇండియాకి తిరిగి వెళ్లేటప్పుడు తీసుకెళ్దాం" అంటారు. మూడేళ్లు దాటిన పాత కారునీ, ఎడమవైపు స్టీరింగ్ ఉన్నదాన్నీ అక్కడ దిగుమతికి ఒప్పుకోరు, ఆ ఆశ పెట్టుకోకండి.

టైటిల్ (యాజమాన్య పత్రం) మార్పు 30 రోజుల్లో చేయించుకోవాలి. సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం. వ్యక్తి దగ్గర కొన్నప్పుడు టెక్సస్ వాళ్లు మీరిచ్చిన ధర, వాళ్లు ఆ బండికి లెక్కగట్టిన విలువలో 80 శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద పన్ను వేస్తారు. కాబట్టి కాగితం మీద ఐదు వేలని రాసిద్దామని అమ్మేవాడు సలహా ఇస్తే, వద్దని చెప్పి అసలు ధరే రాయించండి.